కప్పు నేసేవాడి పేరు

నేను ఎన్నడూ చూడని ఒక ఊరి గురించి నాకు చాలా తెలుసు. అది ఇంగ్లండులో పడమటి వైపు ఉంది. ఊరికి దక్షిణాన సుద్దమట్టి గుట్టలు, ఉత్తరాన బంకనేల. గుట్టల కింద ఒక ఊట పుట్టి, చర్చి వెనకగా వచ్చి, నీటి మర దగ్గర మడుగు కట్టి, మళ్ళీ సన్నబడి తూర్పుకు పోతుంది. ఊళ్ళోకి వచ్చే బాట రెండు పక్కల పొలాల కంటే మనిషి ఎత్తు లోతున ఉంటుంది. దాన్ని ఎవరూ తవ్వలేదు. వందల ఏళ్ళుగా బండి చక్రాలూ వాన నీళ్ళూ కలిసి అరగదీశాయి. ఆ బాటలో నడిచేవాడికి పొలాలు కనబడవు, గట్టు మీది కంచె మొక్కల వేళ్ళు కనబడతాయి.

ఆ ఊరి పటం గీసింది నేను. ఇప్పుడు కాగితం ఇచ్చి గీయమన్నా, చూడకుండా గీయగలను.

నాన్న పోయి రెండు నెలలైంది. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి ఎనిమిదేళ్ళు చెప్పకుండా ఉంచుకున్నాను. ఆ మాటకూ ఆ ఊరికీ సంబంధం ఉంది కనక ఊరితో మొదలుపెట్టాను. ఎవరి పేర్లూ రాయడం లేదు. నా పేరు దాచుకోవడానికి కాదు.

మాది రాయపూరు రైల్వే లైను క్వార్టర్లలో రెండు గదుల ఇల్లు. నాన్న, చిన్నాన్న విజయనగరం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి ట్రాలీమన్లుగా చేరారు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది చిన్నాన్న భార్య, మా చిన్నమ్మ. వాళ్ళకు పిల్లలు లేరు.

ట్రాలీ అంటే పట్టాల మీద నడిచే బల్ల. దాని కింద రెండు జతల చక్రాలు, పైన ఒక కుర్చీ, ఒక గొడుగు. లైను బాగున్నదో లేదో చూసే ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చుంటాడు. ఇద్దరు వెనక నుంచి తోస్తూ, చెప్పుల్లేని కాళ్ళతో పట్టా మీదే పరిగెత్తుతారు. ఇంకో ఇద్దరు బల్ల చివర కూర్చుని అలుపు తీర్చుకుంటారు. తరవాత వీళ్ళు దిగి వాళ్ళు ఎక్కుతారు. రైలు వచ్చే సూచన కనబడితే అందరూ దిగి బల్ల ఎత్తి పక్కన పెట్టాలి. చక్రాల జతలు రెండూ విడిగా ఎత్తి లైను అవతల వేయాలి.

ఎండాకాలం పట్టా కాలుతుంది. చలికాలం మడమలు పగులుతాయి, పిక్కలు పట్టేస్తాయి. ఇక్కడి ఛత్తీస్‌గఢీ పనివాళ్ళను చూసి మావాళ్ళు కూడా పొద్దున్నే పాదాలకూ పిక్కలకూ ఇప్పసారా రాసుకుని బయలుదేరేవారు. మా ఇంట్లో ఆ సీసా గూట్లో, దేవుడి పటం పక్కనే ఉండేది. చిన్నాన్నకు చిన్నమ్మే రాసేది. ఆయన గోడకు ఆనుకుని కాళ్ళు చాపి, "గట్టిగా రాయే, నీ మొగుడి కాళ్ళే, అరువు తెచ్చినవి కావు" అనేవాడు. అన్నదమ్ములిద్దరికీ తాగే అలవాటు లేదు. వాసన మాత్రం ఇల్లంతా ఉండేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ధర్సీవా వైపు పోయే మెయిన్ లైను మీద, ఒక వంపు దగ్గర, వెనక నుంచి గూడ్సు బండి వచ్చింది. ఎదురుగాలి. చప్పుడు దగ్గరికి వచ్చేదాకా వినబడలేదు. బల్ల ఎత్తారు, ఒక జత చక్రాలు తీశారు. రెండో జత పట్టాల మీదే ఉండిపోయింది. అది ఉంటే బండి పట్టాలు తప్పుతుంది. చిన్నాన్న వెనక్కి పోయి దాన్ని ఎత్తి అవతలికి విసిరాడు. ఆయన మాత్రం ఇవతలికి రాలేకపోయాడు. ట్రాలీ మీద ఉన్న ఇంగ్లీషు ఇన్‌స్పెక్టరు గట్టు మీద నుంచి జారిపడి భుజం విరగ్గొట్టుకున్నాడు.

విచారణ జరిగిన రోజుల్లో ఆ ఇన్‌స్పెక్టరు ఆసుపత్రిలో ఉన్నాడు. శవం దగ్గర సారా వాసన వచ్చిందని ఎవరో రాశారు. నాన్న, మిగతా ఇద్దరూ చెప్పిన దాన్ని ఎవరూ రాసుకోలేదు. తాగిన మత్తులో లైను మీదికి పోయి చనిపోయాడని, ఇన్‌స్పెక్టరు తిరిగి రాకముందే కాగితం ముగించారు.

ఆ కాగితాన్ని మా ఇంట్లో ఎవరూ చదవలేదు, కాని అందులో ఉన్న మాట క్వార్టర్లంతటికీ తెలుసు. కొళాయి దగ్గర నీళ్ళ వంతు కోసం గొడవ వచ్చినప్పుడల్లా అది బయటికి వచ్చేది. ఒకావిడ, "మీ ఆయన సీసా ఉందా, ఇలా ఇయ్యమ్మా, బిందె నిండింది, మిగతాది అందులో పట్టుకుంటాను" అనేది. చిన్నమ్మ బిందె దించకుండానే జవాబు చెప్పేది. "మా ఆయన కాళ్ళకి రాసుకున్నాడే తల్లీ. మీ ఆయన నాలిక్కి రాసుకుంటాడు. సీసా నీ కొంపలో ఎతుక్కో." నవ్వేవాళ్ళు చిన్నమ్మ వైపే ఉండి నవ్వేవారు. పదిహేనేళ్ళు ఆమె ఒక్క రోజు కూడా ఆ మాట పడలేదు. ఆమె తన చేత్తో రాసింది. తన చేత్తో బిరడా పెట్టి సీసా గూట్లో పెట్టింది. ఆమెకు తెలుసు.

ఆ ఇన్‌స్పెక్టరునే మావాళ్ళు దొర అనేవారు. పెళ్ళి చేసుకోలేదు. స్టేషనుకు దగ్గర్లో పెంకుటి బంగళా. నాన్న ఆయన ట్రాలీనే తోస్తూ వచ్చాడు. నేను మెట్రిక్ పాసై టైపు నేర్చుకున్నాక, నాన్న ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు. దొర తన ఆఫీసులోనే టైపిస్టుగా వేయించాడు.

ఆఫీసు బయట వేపచెట్టు కింద ట్రాలీ ఉండేది. నాన్న దాని పక్కన గొంతుక్కూచుని ఉండేవాడు. దొర బయటికి వస్తే లేచి నిలబడేవాడు. దొర వెనక ఫైలు పట్టుకుని నేను ఉండేవాణ్ణి. ఒక్కోసారి నేను ఒక్కణ్ణే వచ్చినా, తలుపు చప్పుడుకు అలవాటుకొద్దీ సగం లేచి, నన్ను చూసి మళ్ళీ కూర్చునేవాడు. నేను చూడనట్టు పోయేవాణ్ణి. మేం తండ్రీ కొడుకులమని అందరికీ తెలుసు. అయినా ఆఫీసు ఆవరణలో నేను ఆయనను నాన్నా అని పిలిచిన గుర్తు లేదు.

స్వతంత్రం రావడానికి ముందు సంవత్సరం, వానాకాలంలో, దొర నన్ను బంగళాకు పిలిచాడు. కళ్ళలో శుక్లాలు దిగుతున్నాయి. రాసుకోలేడు. వచ్చే ఏడు వెళ్ళిపోతాననీ, ఈ లోపల తన ఊరి భూగోళమూ చరిత్రా రాసి అక్కడి చర్చికి ఇవ్వాలని ఉందనీ చెప్పాడు. సాయంత్రం నాలుగు తరవాత వచ్చి టైపు చేయగలవా అని అడిగాడు. నేను దొరికిన ప్రతి ఇంగ్లీషు పుస్తకమూ చదివేవాణ్ణి. ఆ పుస్తకాల్లో వచ్చే పల్లెల్ని మనసులో కట్టుకుని ఉన్నాను. వెంటనే ఒప్పుకున్నాను.

ఆ సాయంత్రాలు నా జీవితంలో బాగా గడిచిన సాయంత్రాలు. ఇది రాయడం సిగ్గుగానే ఉంది, కాని నిజం అది.

ఆయన ఒక పద్ధతి ప్రకారం చెప్పేవాడు. ముందు రాయి, మట్టి, నీళ్ళు. తరవాత దారులు. తరవాత మనుషులు. ఊరి చుట్టూ పొలాలు ఒకప్పుడు కంచెల్లేకుండా ఉండేవట. ఒక్కో రైతుకు ఇక్కడో చీలిక, అక్కడో చీలిక. పేదవాళ్ళు ఆవును కట్టుకోవడానికి ఊరుమ్మడి బీడు ఉండేది. ఒక కాలంలో చట్టం తెచ్చి బీడును పంచుకుని కంచెలు వేశారు. పంచుకున్నవాళ్ళలో ఆవు ఒక్కటే ఉన్నవాడు లేడు. "మేం ఆవు పోగొట్టుకున్నవాళ్ళం" అన్నాడు దొర. వాళ్ళ తాత కూలికి పోయాడు. గొర్రెల ఉన్నితో బాగుపడ్డ ఊరు, మిల్లులు వేరే చోట్ల వచ్చాక చిక్కిపోయింది. రైలు వచ్చింది గాని రెండు మైళ్ళ దూరంగా పోయింది. దొర తండ్రి ఆ లైను మీద పట్టాలు సరిచేసే కూలీ.

ఆ మాట టైపు చేస్తూ నేను ఆగాను. దొర అడిగాడు, "స్పెల్లింగు చెప్పాలా?" అక్కర్లేదన్నాను. ఆయన తండ్రి సుత్తి భుజాన వేసుకుని నడిచిన దూరం, ఏ వంతెన కింద కూర్చుని రొట్టె తిన్నాడు, అన్నీ చెప్పాడు. అదే సమయంలో నా తండ్రి బంగళా గేటు దగ్గర గొడుగు మడిచి ట్రాలీకి కడుతున్నాడు.

ఆదివారాలు తెలీబంధా చెరువు గట్టున నడిచేవాణ్ణి. ధమతరి చిన్న లైను బండి పోతుంటే ఆగి చూసేవాణ్ణి. ఎదుటి ఒడ్డున బట్టలు ఉతుకుతున్నా, గేదెల్ని కడుగుతున్నా, నాకు అక్కడ నీటి మర, దాని వెనక చతురస్రపు చర్చి గోపురం కనబడేవి. చెరువు ఇవతలి ఒడ్డు నుంచి ఆ చర్చి పక్క సమాధుల దొడ్డి ఎంత దూరమో అడుగులు లెక్కపెట్టుకునేవాణ్ణి.

ఆ సమాధుల దొడ్డి దగ్గర పని ఆగింది. దొర తాత కాలంలో ఒక మనిషి, ఇళ్ళకు గడ్డి కప్పు నేసేవాడు, జమీందారు ధాన్యపు కొట్టం మీద పని చేస్తూ జారిపడి చనిపోయాడు. అన్నదమ్ములిద్దరిదీ అదే పని. పడినది అన్నా, తమ్ముడా అన్నది దొరకు గుర్తు రాలేదు. మూడు సాయంత్రాలు ఆ ఒక్క సంగతి మీదే ఆలోచించాడు. "తప్పు పేరు రాయకూడదు. ఆ మనిషికి వేరే పుస్తకం లేదు" అన్నాడు. ఊరి పాదిరీకి ఉత్తరం రాయించాడు. జవాబు వచ్చేదాకా ఆ చోటు ఖాళీగా వదిలి ముందుకు పోయాం. చాలా రోజులకు జవాబు వచ్చింది. పడినది తమ్ముడు. దొర ఆ పేరు అక్షరం అక్షరం చెప్పి కొట్టించాడు.

నాకు ఆ శ్రద్ధ చాలా గొప్పగా తోచింది. ఆ పూట అన్నం తింటూ ఇంట్లో చెప్పాను. నాన్న ముద్ద నోట్లో పెట్టుకోకుండా విన్నాడు.

"ఎప్పుడో సచ్చిపోయినోడు?"

"ఎనభై ఏళ్ళయి ఉంటుంది."

"ఆడి పేరు కోసం ఇంగ్లండుకి ఉత్తరం రాసినాడు?"

"రాశాడు."

నాన్న చిన్నమ్మ వైపు చూశాడు. ఆమె పొయ్యి దగ్గర ఉంది. ఇటు తిరగలేదు గాని గరిట ఆపింది.

"ఒరే, అలాటప్పుడు మనోడి ఊసు ఒక్క ముక్క రాసియ్యడా? దొర కళ్ళారా సూసినాడు. ఆడు తాగనేదని, సక్రాలు తియ్యడానికి ఎనక్కెల్లాడని, రెండు లైన్లు. ఒక్క కాగజు. దస్కత్తు పెట్టి ఇమ్మను."

"ఆఫీసు కాగితం మీదా?"

"ఏ కాగితమైనా పర్నేదు. ఫైలు మార్చమననేదు, పైసా అడగనేదు. అద్దం కట్టించి ఆ గోడకి కొడతాను. కొళాయి కాడ వాగినోళ్ళకి సూపిస్తాను." ముద్ద కంచంలో పెట్టేశాడు. "నానే అడుగుదును. నాకు ఆ మాటలు రావు. ట్రాలీ మీద ఆయన ముందుకి సూస్తాడు, నాను ఎనకాల ఉంటాను. నువ్వు ఎదురుగా కూకుంటావు కదా."

అడుగుతానన్నాను.

చిన్నమ్మ అప్పుడు తిరిగింది. "ఇప్పసారా అని రాయమను బాబూ. ఉత్తినే సారా అంటే మళ్ళా అదే అనుకుంటారు. కాళ్ళకి రాసుకునేది అని రాయమను."

మర్నాడు అడగలేదు. ఆ వారం దొర చర్చి కట్టిన రాయి గురించి చెబుతున్నాడు, మధ్యలో అడ్డం రావడం బాగుండదనిపించింది. తరవాత వారం ఆయనకు జలుబు. ఆ తరవాత నేను ఊరి పటం మొదలుపెట్టాను. ఆయన కుర్చీ నా పక్కకు జరిపి, నా చెయ్యి పట్టుకుని వాగు వంపు ఎక్కడ రావాలో చూపించేవాడు. అసలు కారణం నాకు అప్పుడే తెలుసు. అక్కడ నేను ట్రాలీమన్ కొడుకును కాను. ఆ ఊరు తెలిసిన మనిషిని. అడిగిన మరుక్షణం నేను మళ్ళీ చేతులు కట్టుకుని నిలబడాలి. మా ఇంటి గూడు, సారా సీసా, కొళాయి, అన్నీ ఆ బల్ల మీద పెట్టాలి. అది నాకు ఇష్టం లేకపోయింది.

ఒక రోజు దారి తనంతట తనే వచ్చింది. దొర అడిగాడు, "మీ ఊరు ఎలా ఉంటుంది?"

"నాకు తెలీదు సార్. నేను ఇక్కడే పుట్టాను."

"మీ నాన్న చెప్పలేదా?"

"ఆయన చదువుకోలేదు సార్" అన్నాను, అదేదో ఆయన అడిగినదానికి జవాబైనట్టు.

దొర నా వైపు కాసేపు చూశాడు. ఆ కళ్ళకు నేను ఎంత కనబడ్డానో తెలియదు. ఆ తరవాత కంచెల మొక్కల పేర్లు చెప్పసాగాడు.

నాన్న రోజూ అడగలేదు. నేను ఇంటికి వచ్చాక నా చేతుల వైపు చూసేవాడు, అంతే. చిన్నమ్మ అన్నం పెడుతూ, "దొరకి ఒంట్లో బాగుందా?" అనేది. ఫొటోలకు చట్రాలు కట్టే దుకాణంలో ఎంత సైజు అద్దం దొరుకుతుందో నాన్న కనుక్కుని వచ్చాడని తరవాత తెలిసింది. చలి తగ్గుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం, ఇద్దరూ ఇంట్లో ఉన్నారు. నాన్న కాళ్ళు చాపుకుని తనే సారా రాసుకుంటున్నాడు. "అడిగినావా?" అన్నాడు. మామూలుగానే అన్నాడు. నాకు విసుగు వచ్చింది. ఆ విసుగు నా మీద నాది.

"అడిగాను. ఇవ్వనన్నాడు."

నాన్న చెయ్యి పిక్క మీదే ఆగింది. "ఇవ్వనన్నాడా? ఏటన్నాడు? ఉన్నదున్నట్టు సెప్పు."

అబద్ధానికి ఇంకో అబద్ధం కావాలి. "పాత సంగతులు ఇప్పుడు తవ్వకూడదన్నాడు. తనకు సరిగ్గా గుర్తు లేదన్నాడు."

"గుర్తు నేదా?"

"ఎనభై ఏళ్ళ కిందటోడు గుర్తున్నాడు గాని" అంది చిన్నమ్మ. అంతవరకే అంది.

అప్పుడైనా నిజం చెప్పవచ్చు. ఇద్దరూ నా ఎదురుగా ఉన్నారు. పగటి వెలుతురు ఉంది. నేను చొక్కా తొడుక్కుని బంగళాకు పోయాను. ఆ సాయంత్రం చర్చి గంటల గురించి రెండు పేజీలు కొట్టాను. ఒక్క తప్పు లేదు.

నాన్న పని మానలేదు. అదే ట్రాలీ, అదే దొర. ఇంట్లో దొర మాట ఎత్తడం మానేశాడు. చిన్నమ్మలో మార్పు నేను కొళాయి దగ్గర చూశాను. ఆ పాత మాటే ఎవరో అన్నారు. చిన్నమ్మ బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చేసింది. ఆ మాట అన్నావిడ కూడా జవాబు కోసం కాసేపు నిలబడింది. చివరికి ఆవిడే, "ఒంట్లో బాగానేదేటి ఈవిడికి?" అంది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున, గూటి ముందు నిలబడి చిన్నమ్మ నాన్నతో అన్న మాట నా చెవిన పడింది.

"ఆ పొద్దు నాను రాసి సీసా ఇక్కడ పెట్టి, నీళ్ళకి ఎల్లినాను బావగారూ. వొచ్చేసరికి ఆయన ఎల్లిపోయారు. సీసాలో ఎంత మిగిలిందో నాను సూడనేదు."

"ఏటా మాటలు? నాను పక్కన నేనా? ఆడు తాగనేదు."

"మీరు తమ్ముడని అంటారు. ఆయన తాగకపోతే, దొరకి రాసియ్యడానికి అడ్డమేటి?"

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. టైపు కాగితాల కట్ట చేతిలో ఉంది.

ఎండలు ముదరకముందే దొర వెళ్ళిపోయాడు. స్టేషనులో దండలు వేశారు. క్వార్టర్ల నుంచి చాలామంది వచ్చారు. ఛత్తీస్‌గఢీ ట్రాలీమన్ ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు. దొర ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని జనంలో వెతికాడు. నన్ను దగ్గరికి పిలిచాడు.

"మీ నాన్న రాలేదా?"

"ఒంట్లో బాగాలేదు సార్."

"ఈ రెండు నెలలూ నాతో మాట్లాడలేదు. అంతకుముందు ఎక్కువ మాట్లాడేవాడని కాదు." కాస్త తటపటాయించాడు. "నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?"

"లేదు సార్" అన్నాను.

ఆయన నా భుజం తట్టి బండి ఎక్కాడు.

ఇంటికి వచ్చేసరికి నాన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. బండి కూత ఇంటికి వినబడుతుంది. అది దూరమై వినబడకుండా పోయేదాకా ఆగి నాతో మాట్లాడాడు. అప్పుడు చెప్పిన సంగతి నాకు అంతకుముందు తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అడగలేదు.

"ఆ వంపు కాడికొస్తే మేం పట్టా మీద పరిగెత్తం. దిగిపోతాం. ఆ మైలురాయి నుంచి తూము దాకా స్లీపర్ల మీద నడుస్తాం. ఎవుడూ సెప్పనేదు, అలా వాడుకైపోయింది. దొర ఏమన్నాడో ఎరుగుదువా? ఏమీ అననేదు. ఆసుపత్రి నుంచి వొచ్చిన మొదటి రోజు, ట్రాలీ ఆపించి తను కూడా దిగినాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని మాతోపాటే నడిచినాడు. ఆ రోజు మొదలు, వాననీ ఎండనీ, ఎప్పుడు ఆ దారి ఎల్లినా దిగినాడు. పదిహేనేళ్ళు. మొన్న ఆఖరిసారి కూడా దిగినాడు. నాను ఆ మొగం సూడనేదు." నా వైపు తిరిగాడు. "నువ్వు సదువుకున్నోడివి. అలా నడిచినోడు రెండు లైన్లు రాయడానికి ఎందుకు ఒప్పుకోనేదంటావు?"

నాకు తెలియదన్నాను.

ఆ ప్రశ్న ఆయన ఎనిమిదేళ్ళలో చాలాసార్లు అడిగాడు. చొక్కా తొడుక్కుంటూ, చుట్ట వెలిగించుకుంటూ, ఒకసారి జ్వరంలో. కోపంగా ఎప్పుడూ అడగలేదు. అర్థం కావడం లేదన్నట్టు అడిగేవాడు.

దొర చిరునామా నా దగ్గర ఉంది. ఉత్తరం రాస్తే సరిపోయేది. రాస్తే నేను అడగలేదన్న సంగతి ఆయనకు తెలుస్తుంది, జవాబు వస్తే నాన్నకు తెలుస్తుంది. ఈ రెండిటి మధ్య ఒక ఏడు పోయింది. రెండో ఏడు చలికాలంలో ఆ ఊరి పాదిరీ నుంచి ఉత్తరం వచ్చింది. దొర చనిపోయాడు. మేం రాసిన ప్రతి చర్చిలో భద్రంగా ఉంది. సమాధి దొడ్డిలో నీటి మర వైపు మూల, కంచె పక్కన. ఆ మూల నాకు తెలుసు. అక్కడ కాస్త పల్లం. వానలకు తడి ఆరదు.

అడిగితే ఆయన ఇచ్చేవాడా? ఇచ్చేవాడనే నా నమ్మకం. ఇవ్వకపోయినా అది ఆయన తప్పయ్యేది. నాన్నకు నేను ఇచ్చింది దొర చేయని తప్పు. దానితో నాన్న, తనతోపాటు దిగి నడిచిన ఒక మనిషిని పోగొట్టుకున్నాడు. ఇక చిన్నమ్మ పోగొట్టుకున్నదాన్ని నేను రాయలేను.

నాన్న ఈ చలికాలంలో పోయాడు. మూడు రోజులు మంచం మీద ఉన్నాడు. తెలివిలోనే ఉన్నాడు. మూడు రోజులూ నేను పక్కనే కూర్చున్నాను. చెప్పలేదు. పోయేవాడికి ఎందుకు బాధ అనుకున్నాను. ఆ బాధ ఎవరిదో నాకు బాగానే తెలుసు.

పెద్ద కర్మ అయిన మర్నాడు చిన్నమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను ఎదురుగా కూర్చుని చెప్పాను. ఎక్కువ మాటలు పట్టలేదు. దొరను అడగలేదని, అడిగానని అబద్ధం చెప్పానని చెప్పాను.

ఆమె చేట మీంచి చెయ్యి తీయలేదు.

"బావగారికి తెలుసా?"

"తెలీదు."

"సెప్పనేదా?"

"లేదు."

రెండు రాళ్ళు ఏరి పక్కన పెట్టింది. "ఆయన ఉండగా సెప్పుంటే నిన్ను తన్నుండేవారు. తన్ని ఊరుకునేవారు. ఇప్పుడు నాకెందుకు సెప్పినావు?"

ఆమె చేట పక్కన పెట్టి లేచి గూటి దగ్గరికి వెళ్ళింది. గూట్లో సీసా లేదు. నాన్న రిటైరయ్యాక అక్కడ సీసా ఉండటం లేదు. ఆమె ఆ ఖాళీ చోట చెయ్యి పెట్టి, అలా నిలబడి, గోడతో అన్నట్టు అంది.

"నాను రాసినంతే. ఆయన ముట్టుకోనేదు. ఎనిమిదేళ్ళు నాను ఆయన్ని..."

నేను, అంతా రాసి పెడతానన్నాను. దొర ఊరి చరిత్ర రాసినట్టే రాస్తాను, జరిగింది జరిగినట్టు, చిన్నాన్న పేరుతో సహా, కింద నా సంతకం పెడతానన్నాను.

"నీ దస్కత్తు ఎవుడిక్కావాలి?" అంది. గట్టిగా అనలేదు. "రాసుకో. నీకు రాయాలనుంటే రాసుకో. ఆయన పేరు మాత్రం రాయకు. నీ కాగితంలో ఆయన పేరు నాకొద్దు."

మర్నాడు కొళాయి దగ్గరికి తనే వెళ్ళింది. ఇప్పుడు అక్కడ ఆ మాట అనేవాళ్ళు లేరు. అన్నవాళ్ళు బదిలీ అయి వెళ్ళారు, కొందరు పోయారు. ఆమె చెప్పవలసిన జవాబు వినడానికి ఎవరూ లేరు. బిందె నింపుకుని వచ్చింది.

టైపు చేసిన ఊరి చరిత్ర కార్బను కాపీ నా దగ్గర ఉంది. అక్షరాలు ఇంకా చెదరలేదు. సమాధుల దొడ్డి పేజీ తీస్తే, కొట్టం మీద నుంచి పడి చనిపోయిన మనిషి పేరు అక్షరం తప్పు లేకుండా ఉంది. నేనే కొట్టాను. ఇందులో చిన్నాన్న పేరు లేదు.